చేటెడు తవుడు

మొన్న మా మరిది గజపతినగరం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే గుమ్మంలో నిలబడి, "వదినా, మీ తాళ్లామె పోయిందట" అన్నాడు. నేను దీపానికి వత్తులు చేసుకుంటున్నాను. అయ్యో అన్నాను. ఇంకో వత్తి చేశాను. తర్వాత లేచి పెరట్లోకి వెళ్లాను, ఎందుకు వెళ్లానో గుర్తురాక మళ్లీ లోపలికి వచ్చాను. ఆ రోజంతా అలాగే గడిచింది. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే చేయాల్సిన పనేదీ కనిపించలేదు. సాయంత్రం దీపం పెట్టాక గాని తెలియలేదు, పొద్దుటి నుంచీ నేను ఆమెలాగే తిరుగుతున్నానని.

ఆమె పేరు రాయను. ఏ పేరు ఎక్కడ రాస్తే ఏమవుతుందో అన్న భయం ఆమెకు బతికినన్నాళ్లూ ఉంది. పోయాక దాన్ని నేను చెడగొట్టడం ఎందుకు? వీధిలో అందరికీ తాళ్లామె. గోగునారతో తాళ్లు పేని అమ్మేది, నులక మంచాలు అల్లేది. ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. కూర్చున్నా ఒక మోకాలు పైకే ఉండేది, లేవడానికి సిద్ధంగా. తొడ మీద నార పెట్టి అరచేత్తో తోస్తుంటే తాడు బారలు బారలుగా పెరుగుతూ ఉండేది గాని, ఆమె చూపు తాడు మీద ఉండేది కాదు. వీధి మలుపు మీద ఉండేది.

అప్పట్లో మావారు గజపతినగరంలో పంచాయతీ సమితి ఆఫీసు గుమాస్తా. మా ఇంట్లో మంచాలన్నీ ఆమె అల్లినవే. అల్లిక గట్టిది, కాని ఒక్క పూటలో ముగిసేది కాదు. సగం అల్లి, ఉన్నట్టుండి చీర దులుపుకుని లేచేది.

"ఉండండమ్మా, ఓపాలి ఇంటికెల్లొత్తాను."

"ఇప్పుడే కదే వచ్చావు?"

"ఎల్లి సూసి వొచ్చెత్తాను."

ఏం చూడాలో చెప్పేది కాదు. ఒకసారి అలా వెళ్లినప్పుడు మావారు ఆఫీసు నుంచి వచ్చి, అలవాటు కొద్దీ మంచం మీద కూర్చోబోయి, అల్లని సగంలోంచి కిందికి దిగిపోయారు. సరిగ్గా అప్పుడే ఆమె తిరిగొచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఓలమ్మో, బాబుగోరు ఉయ్యాలెక్కినారు!" అంది. నేను నవ్వు ఆపుకోలేక దేవుడి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. లోపలికి మావారి గొంతు వినిపిస్తూనే ఉంది. "దేవుడికి తర్వాత దణ్ణం పెట్టుకోవచ్చు. ముందు వచ్చి నన్ను లేవదీయండి."

ఆ పరుగులు ఎందుకో చాలా కాలానికి చెప్పింది. ఇంట్లో డబ్బుంది. మొగుడు వదిలేశాక, తాళ్ల మీద ఒక్కర్తీ కూడబెట్టినది. కూతురుకి విశాఖపట్నం పెద్దాసుపత్రిలో నర్సు శిక్షణకి సీటు వస్తుందని ఆశ. ఆ దరఖాస్తుకి వచ్చిన జవాబు చదివి పెట్టింది నేనే. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా నాన్నగారు వసారాలో ఇసుక పోసి దిద్దించిన అక్షరాలే నా చదువు. అవి ఇంకొకరి ఇంటికి ఇలా ఉపయోగపడినప్పుడల్లా ఆయన్ను తలుచుకుని దణ్ణం పెట్టుకుంటాను. వానలు పడ్డాక పిలుపు వస్తుందని, వచ్చిన వెంటనే హాస్టలుకి డబ్బు కట్టాలని, కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుందని అందులో ఉంది. ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివించుకుంది.

పక్క గుమ్మంలో ఆమె అన్న ఉండేవాడు. సారా తాగే మనిషి. ఆమె లేనప్పుడు గుడిసెలో దూరి వెతికేవాడు. చూరులో దాస్తే దొరకబుచ్చుకుని అట్టుకెళ్లిపోయాడు. పిడకల కింద దాస్తే అక్కడా చెయ్యి పెట్టాడు. చివరికి నార కట్ట మధ్యలో పెట్టి, ఆ సంగతి మరిచి కట్టని సంతలో అమ్మేసింది! కొన్న రైతు బండి వెనకాల పరుగెత్తి, బండి ఆపించి, "నార బాగునేదు బాబూ, పుచ్చిపోనాది, నాకిచ్చీండి" అని తను అమ్మిన సరుకునే తిట్టి వెనక్కి తెచ్చుకుంది.

ఇది విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు. మా ఊళ్లో అప్పుడే కొత్తగా బ్యాంకు తెరిచారు. బ్యాంకులన్నీ సర్కారు తీసేసుకుంటుందట అని అరుగుల మీద మాట్లాడుకుంటున్న రోజులు. బ్యాంకులో పెట్టుకోవే అన్నాను.

"ఆలు మన డబ్బు ఎక్కడ దాస్తారమ్మా?"

"ఇనప్పెట్టెలో."

"తాళం?"

"ఏజెంటు గారి దగ్గర."

"ఆయనకి అన్న ఉన్నాడేటి?"

బ్యాంకంటే బియ్యం షావుకారు అద్దెకిచ్చిన పెంకుటిల్లు. వసారాలో బల్ల, లోపల గదిలో ఏజెంటు గారు, అంటే ఇప్పటి మేనేజరు. ఎక్కడో గుంటూరు వైపు మనిషి. మా వైపు మాట సగం తెలిసీ సగం తెలియక, ఎవరేం చెప్పినా తల ముందుకు వంచి వినేవారు. కొత్తగా ఖాతా తెరవాలంటే ఖాతా ఉన్నవాళ్లెవరైనా ఈ మనిషిని నేనెరుగుదునని సంతకం పెట్టాలన్నారు. మావారికి ఖాతా ఉంది, పెడతానన్నారు. సంతకం చేయలేనివాళ్ల కాగితానికి ఫోటో కూడా అతికించాలన్నారు.

ఆ ఫోటో దగ్గరే మొదటిసారి తిరగ్గొట్టారు. ఫోటోగ్రాఫరు ఎంత చెప్పినా ఆమె కుదురుగా ఉంటే కదా! ఫోటోలో చీర ఉంది, కుర్చీ ఉంది, వెనకాల తెర మీద హంసలున్నాయి. ముఖం ఉండాల్సిన చోట పొగలాంటిది ఉంది.

ఏజెంటు గారు దాన్ని వెలుతురుకి పెట్టి చూశారు. "ఇందులో మనిషి ఏదమ్మా?"

"నానే బాబూ. ఎల్తన్నాను."

"ఎక్కడికి?"

"ఇంటికాడ సూడాల కదా."

వసారాలో గుమాస్తాలు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇంకోటి తీయించుకు రమ్మన్నారు. రెండోసారి ఫోటోకి నేను కూడా వెళ్లాను. ఊపిరి బిగబట్టి, ఎవరో తరుముకొస్తున్నట్టు కళ్లు విప్పి, మొత్తానికి ముఖం వచ్చింది.

అది పట్టుకుని మావారూ నేనూ ఆమెను మళ్లీ తీసుకువెళ్లాం. కాగితం మావారే నింపారు. ఆయన ఏదైనా పద్ధతిగా చేసే మనిషి. చదువురాని వాళ్లకు కాగితంలో ఉన్నదంతా చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలని బ్యాంకు వాళ్ల నియమం. గుమాస్తా ఆమె బొటనవేలికి సిరా రాసి, చదవడం మొదలుపెట్టాడు. ఆమె పేరు. ఊరు. తాళ్లు పేనే పని. ఆ తర్వాత తండ్రి పేరు చదివాడు.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. నిప్పు మీద పెట్టబోయి లాక్కున్నట్టు లాక్కుంది.

"ఆ పేరు కొట్టీయండి బాబూ."

"ఎందుకు? మీ నాన్న పేరు కాదా?" అన్నారు ఏజెంటు గారు.

"కాదు."

మావారు తెల్లబోయారు. "అదేటే? మీ పక్క గుమ్మం ముసలాయన మీ అయ్య కాడూ? ఓటర్ల లిస్టులో నేను చూశాను కదా!"

"ఆలు మా పొరుగోలు బాబూ. మా అయ్య యేరు." అని, ఎప్పుడో చనిపోయిన ఇంకొక మనిషి పేరు చెప్పింది.

"పోనీ మొగుడి పేరు రాయమంటావా?"

"ఆడు ఒగ్గీసినాడు, పెద్దలు తెంపీసినారు. ఆడి పేరు నాకెందుకు?"

ఏజెంటు గారు ఆమెను చూశారు, మావారిని చూశారు, కాగితం మీద అడ్డంగా ఒక గీత గీశారు. కోపం లేదు ఆ మనిషిలో. "ఎరుగుదునన్న వారు ఒక తండ్రిని చెబుతున్నారు, మనిషి ఇంకొక తండ్రిని చెబుతోంది. ఇలా అయితే నేను ఖాతా ఇవ్వలేనమ్మా. రేపు ఎవరో వచ్చి, నేను ఈవిడ తోడబుట్టినవాణ్ణి, ఇదుగో మా నాన్న పేరే మీ పుస్తకంలో ఉంది, డబ్బివ్వమంటే నేనేం చెప్పాలి? ఆ పేరు కాదని ఈవిడంటే నేనెవరి మాట నమ్మాలి?"

ఆ వచ్చేవాడెవడో మాకు తెలుసు. ఆయన తెలియక అన్నా సరిగ్గానే అన్నారు.

దారిలో మావారు చిటపటలాడారు. "ఒక్క వేలిముద్ర! వేసేస్తే పోయేది. ఎవరు చూస్తారు?"

"అమ్మోరు సూడదేటి బాబూ?" అంది ఆమె, సిరా వేలిని చీరకి తగలకుండా దూరంగా పట్టుకుని నడుస్తూ.

మా ఇంటి వసారాలోకి వచ్చాక, నిలబడే చెప్పింది.

"నాకు ముందు పుట్టిన ఆడపిల్లలు ఒక్కలూ దక్కనేదమ్మా. నాను పుట్టగానే సేటలో ఏసి పెంట మీద పెట్టీసినారంట. పక్కింటాయన వొచ్చి, ఇదెవుల పిల్ల అని అడిగి, సేటెడు తవుడు పోసి నన్నట్టుకెల్లినాడు. ఆయనే మా అయ్య. మా యమ్మ పాలిచ్చింది, గానీ పరాయిపిల్లకి కూలికిచ్చినట్టే."

మా వైపు ఈ ఆచారం తెలియనిది కాదు. బిడ్డలు దక్కని ఇంట్లో పుట్టిన పసిగుడ్డును ఇలా అమ్మేస్తారు, తీసుకుపోయే దేవత వస్తే ఈ ఇంట్లో పిల్ల లేదని చెప్పడానికి. పిల్ల మళ్లీ కన్నవాళ్ల దగ్గరే పెరుగుతుంది. కాస్త ఎదిగాక చాలా ఇళ్లలో ఆ సంగతే మరిచిపోతారు. వీళ్ల ఇంట్లో మరవలేదు. ఆమె చిన్నప్పుడు సంతలో తప్పిపోతే, కన్నతండ్రి కంగారులో "నా కూతుర్ని చూశారా" అని అరిచాడట. ఆ వెంటనే పిల్లకి అమ్మవారు పోసింది. ముఖం మీద మచ్చలు అవే. బతికి లేచాక ఆ మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆమె కూడా ఆయన్ను అయ్యా అని పిలవలేదు. పెద్దయ్యాక, కొన్న తండ్రి వదిలిపోయిన గుడిసెలోకి వెళ్లిపోయింది. తన సొంత తండ్రి గోడకి అవతల ఉండగా, పొరుగింటి మనుషుల్లా బతికారు ఇద్దరూ.

"నాకోసం కాదమ్మా," అంది. "నాను బతికీసినాను. నా కూతురు గుంట ఉన్నాది కదా. ఆ బేరం నాను తప్పితే అమ్మోరు అడిగీది నన్నా, దాన్నా? నాకేటి తెల్సు?"

మావారు ఏదో అనబోయారు. నేను వద్దన్నట్టు చూశాను. శనివారాలు నేను ఉప్పు ముట్టను, అప్పన్న స్వామికి మొక్కిన మొక్కు తీరేదాకా మామిడిపండు తినను. నా నమ్మకాలకి ఎవరూ ఏ కాగితం మీదా రుజువు అడగలేదు. ఆమెను అడిగారు, అంతే తేడా.

ఆ తర్వాత రోజులు చాలా కష్టంగా గడిచాయి. ఆమె ఏ మంచమూ పూర్తి చేయలేదు. మేఘం పడితే భయం, వానలు వచ్చేస్తున్నాయని. తపాలా మనిషి కనిపిస్తే భయం, పిలుపు వచ్చేస్తుందని. డబ్బు మూట రొంటిన కట్టుకు తిరగడం మొదలుపెట్టింది. అన్న దారి కాసి, "ఒసే, ఆడపడుసు సొమ్ము అన్నకి కాదేటే?" అన్నాడట. "నీకు సెల్లెలెవులు? పెంట మీద ఏరుకున్నారు నన్ను" అని అరిచి మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. రొంటి మీద చెయ్యి పెట్టుకుని వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. పూజకి కూర్చున్నానే గాని ఆ అడుగుల చప్పుడే విన్నాను. మంత్రం ఎక్కడ వదిలానో తెలియలేదు.

మర్నాడు ఉట్టి కావాలన్న వంకతో నేనే వాళ్ల వీధికి వెళ్లాను. ముసలాయన గుమ్మం ముందు గోగు కాడల నుంచి నార ఒలుస్తున్నాడు. చూపు బాగా తగ్గిపోయింది, వేళ్లతోనే చూసుకుంటున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఏజెంటు గారి మాట చెప్పాను. మావారు ఎవరి పేరు రాశారో చెప్పలేదు, అది ఆయనకే అర్థమైంది. తలెత్తలేదు.

"మాకేటమ్మా? ఆలు పరాయోలు" అన్నాడు. మళ్లీ నార ఒలుచుకున్నాడు.

తిరిగి వస్తుంటే ఏడుపొచ్చింది. ఇంకేం చేయాలో తెలియక, ఏజెంటు గారినే బతిమాలదామని మర్నాడు మావారిని, ఆమెను వెంటబెట్టుకుని బయల్దేరాను. వెళ్లేసరికి బ్యాంకు వసారాలో తలపాగా చుట్టుకుని, కర్ర పక్కన పెట్టుకుని ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు బయల్దేరాడో, ఎవరిని దారి అడిగాడో! ఆమె మెట్ల మీదే ఆగిపోయింది.

ఏజెంటు గారు ఆయన్ను లోపలికి పిలిచారు. "ఎవరు తాతా నువ్వు?"

"ఆ పిల్లకి పొరుగోణ్ణి బాబూ."

"సమితి గుమాస్తా గారు నువ్వు తండ్రివన్నారే?"

"గుమాస్తాబాబు మంచోరు. లిస్టులో ఉన్నాది సదివినారు. నాను దాన్ని అమ్మీసినాను."

"అమ్మేశావా? కన్నబిడ్డనా?"

"కన్నది ఆడమనిసి బాబూ. నానేటి కన్నాను?"

బల్ల దగ్గర గుమాస్తాలు నవ్వారు. ఒకడు, "ఎంతకమ్మావు తాతా?" అన్నాడు.

"సేటెడు తవుడుకి."

"ఆ తవుడేం చేశావు?"

"గేదెకి పెట్టీసినాను. అది అయిదు పూటలు బాగా పాలిచ్చింది."

ఈసారి ఏజెంటు గారు కూడా నవ్వారు. నవ్వి, తల ముందుకు వంచి, మెల్లగా అడిగారు. "సరే తాతా. రేపు నీ కొడుకు వచ్చి, ఇది మా చెల్లెలి డబ్బు అంటే?"

ముసలాయన కర్ర వెతుక్కుని, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. బల్ల వైపు కాదు, ఎటో గోడ వైపు తిరిగి చెప్పాడు.

"ఆడికి సెల్లెలు నేదు బాబూ. నాకు ఒక్కడే కొడుకు. ఆడపిల్లలు దక్కనేదు. అలాగే రాసుకోండి."

నేను ఆమె వైపు చూడలేకపోయాను. ఏజెంటు గారు తానే కలం తీసుకుని ఆ మాట రాశారు. ఈ మనిషికి నాకు రక్తసంబంధం లేదు, ఈమె సొమ్ము మీద నాకు గాని నా కొడుక్కి గాని ఏ హక్కూ లేదు. రాసి, నియమం ప్రకారం పైకి చదివి వినిపించారు. ముసలాయన చివరిదాకా విన్నాడు. ఎక్కడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేలు పెట్టవలసిన చోటు కనపడక తడుముకుంటుంటే మావారు ఆ చెయ్యి పట్టుకుని కాగితం మీద పెట్టించారు. ముద్ర పడ్డాక, ఆ వేలికంటిన సిరాను తన రుమాలుతో మావారే తుడిచారు.

తర్వాత కొత్త కాగితం మీద, కొన్న తండ్రి పేరు రాసి, పెంచిన తండ్రి అని చేర్చి మావారు సంతకం పెట్టారు. ఆమె వేలిముద్ర వేసింది. రొంటిన మూట విప్పింది. ఆ వానాకాలంలోనే పిల్ల విశాఖపట్నం వెళ్లింది. అన్న బ్యాంకుకి వెళ్లి గొడవ చేశాడట, ఆ కాగితం చూపించి పంపేశారట. ఇనప్పెట్టె తాళం చేతిలో ఉన్నవారు ముసలాయన మాట చివరిదాకా విన్నారు. అందుకు ఆ ఏజెంటు గారిని ఇప్పటికీ దీపం ముందు తలుచుకుంటాను.

ఆ రోజు బయటికి వచ్చేసరికి ఎండ మండిపోతోంది. ముసలాయన మెట్ల మీద కూర్చుండిపోయాడు, లేవలేక. ఆమె వీధికి అవతల సోడా కొట్టు నీడలో, ఇటు వీపు పెట్టి నిలబడింది. నేను దగ్గరికి వెళితే, చేతిలో చిల్లర పెట్టింది.

"అమ్మా, ఆ ముసలాయనకి సోడా పట్టించండి. ఎండలో నడిసొచ్చినాడు. నానిస్తే బాగోదు."

గోళీ కొట్టించి తీసుకువెళ్లి ఇచ్చాను. ఎవరిచ్చారని ఆయన అడగలేదు. సీసాకి నోరు పెట్టి తాగుతూ, మధ్యలో ఆపి, ఎంత మిగిలిందో వేళ్లతో తడిమి చూసుకుని, నాకు తిరిగి ఇచ్చాడు.

"సాలమ్మా. మిగిలింది ఆ పరాయిపిల్లకిచ్చీండి. ఎండగా ఉన్నాది."

తెచ్చి ఇచ్చాను. ఏమన్నాడో కూడా చెప్పాను. ఆమె అటు తిరిగే తాగింది. తాగేశాక సీసాని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. కొట్టువాడు చేయి చాపాడు, ఇవ్వలేదు. బేరాలొచ్చాయి, వాడికి తొందరగా ఉంది.

"ఓలమ్మా, సీసా ఇచ్చీయే!" అని అరిచాడు. "తాగీసినావు కదా, ఇంకా ఏటి సూత్తన్నావు అందులో?"